ఎదుటి మనిషి వాక్యం: అక్షరాల ఆటల గతమూ భవిష్యత్తూ

1

కంప్యూటర్ ఆటకు సాహిత్య విమర్శ పత్రికలో చోటెందుకని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్న సహజమైనదే. కాని ఇక్కడ చర్చకు వస్తున్న ఆటల్లో బొమ్మలు లేవు, తుపాకుల మోత లేదు. వున్నది మాట ఒక్కటే. తెర మీద ఒక గది వర్ణన కనిపిస్తుంది. ఆ గదిలో ఎవరెవరున్నారో పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్ల వెనక, వేర్వేరు వూళ్లలో, వేర్వేరు దేశాల్లో, అదే సమయాన కూర్చుని వున్న మనుషులున్నారు. ఒకరు తమ పాత్ర ఏం చేసిందో ఒక వాక్యం రాస్తారు. అది ఆ గదిలో వున్న అందరి తెరల మీదా పడుతుంది. మరొకరు దానికి బదులుగా మరో వాక్యం రాస్తారు. రెండు మూడు గంటలు గడిచేసరికి ఒక సన్నివేశం తయారవుతుంది. దానికి రచయిత ఒకడంటూ లేడు. ప్రేక్షకుడు అసలే లేడు.

ఇటువంటి ఆటలకు స్థూలంగా ‘మడ్’లని పేరు. వాటిలో పాయింట్ల కోసమూ గెలుపు కోసమూ కాకుండా పాత్రపోషణ కోసమే నడిచే శాఖ ఒకటి వుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ శాఖను గురించి. రచయితకూ పాఠకుడికీ మధ్యనున్న గోడ కూలిపోతే రచనకు ఏమవుతుందన్న ప్రశ్నను మనం సిద్ధాంత చర్చల్లో తరచు వింటూ వుంటాం. ఈ ఆటల్లో అది మూడున్నర దశాబ్దాలుగా ఆచరణలో పరీక్షకు నిలబడి వుంది. ఆ పరీక్షలో ఏం తేలిందో తెలుసుకోవలసిన అవసరం, ఆటలంటే ఆసక్తి లేని రచయితలకు కూడా వుంది.

2

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, పలువురు ఒకేసారి ప్రవేశించగల కల్పిత లోకాన్ని పి.డి.పి.-10 అనే యంత్రం మీద నిర్మించడం మొదలుపెట్టాడు. 1980లో ఆ పనిని రిచర్డ్ బార్టిల్ అందుకున్నాడు. దానికి పెట్టిన పేరు ‘మల్టీ యూజర్ డంజియన్’, పొట్టిగా ‘మడ్’. అప్పటికే రెండు రకాల ఆటలు వాడుకలో వున్నాయి. ఒకటి, 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట అది. రెండవది, విల్ క్రౌథర్ మొదలుపెట్టగా 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన ‘అడ్వెంచర్’. ఒంటరి ఆటగాడు మాటలు టైపుచేస్తూ గుహలో తిరిగే ప్రోగ్రాం అది. మొదటిదాంట్లో మనుషులున్నారు, యంత్రం లేదు. రెండవదాంట్లో యంత్రం వుంది, తోటి మనిషి లేడు. మడ్‌లో యంత్రమూ వుంది, తోటి మనిషీ వున్నాడు.

పుట్టుకనుబట్టీ యాసనుబట్టీ మనిషిని అంచనా కట్టే బ్రిటిష్ సమాజం నుంచి బయటపడే చోటుగా ఆ లోకాన్ని తాము భావించామని బార్టిల్ తర్వాతి కాలంలో చెప్పాడు. మాటే తప్ప ముఖం కనిపించని చోట, బట్టలూ ఇంటిపేరూ పనిచేయవన్నది ఆ ఆశ. అయితే ఆ లోకంలో కూడా ఒక నిచ్చెన వుంది. నిధులు సేకరించి, శత్రువులను చంపి, పాయింట్లు పోగుచేసుకుంటే మెట్టు మెట్టుగా పైకి ఎక్కవచ్చు. చివరి మెట్టు ‘మాంత్రికుడు’. ఆ స్థాయికి చేరినవాడికి మిగతావాళ్ల మీద అధికారం వస్తుంది. పుట్టుక నిచ్చెన తీసేసి ప్రతిభ నిచ్చెన వేశామని నిర్మాతల సమర్థన. ఆ రోజుల్లో రాత్రంతా యంత్రం ముందు కూర్చునే తీరిక ఎవరికుండేదో ఆలోచిస్తే ఆ సమర్థనకున్న పరిమితి అర్థమవుతుంది.

నిచ్చెనను పూర్తిగా తీసేసిన ప్రయోగం 1989 ఆగస్టులో జరిగింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ అనే పరిశోధక విద్యార్థి ‘టైనీమడ్’ను ప్రారంభించాడు. అందులో చంపడానికి రాక్షసులు లేరు, ఎక్కడానికి మెట్లు లేవు. ఎవరైనా సరే ఒక గది తవ్వి, దాన్ని వర్ణించి, పక్క గదికి దారి వేయవచ్చు. చేయడానికి వేరే పని లేకపోవడంతో మనుషులు మాట్లాడుకున్నారు. మాట్లాడుకోవడం నటించుకోవడంగా మారింది. ఆ లోకం 1990 ఏప్రిల్‌లో మూతపడింది. కాని అప్పటికే దాని విత్తనాలు చెదిరిపోయాయి. 1990లో ‘టైనీమష్’, ‘మూ’ అనే ప్రోగ్రాంలు వచ్చాయి. 1991లో ఆన్ మెకాఫ్రీ నవలల లోకం మీద ‘పెర్న్‌మష్’, టోల్కీన్ లోకం మీద ‘ఎలెండర్’ వెలిశాయి. పాత్రపోషణే పరమార్థంగా గల శాఖ ఇలా స్థిరపడింది.

అదే కాలంలో డెన్మార్కులోని కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘డికూమడ్’ను తయారుచేసి 1991లో విడుదల చేశారు. ఇది నిచ్చెనను మరింత బిగించిన శాఖ. ఆ ప్రోగ్రాంను లాభానికి వాడరాదని వారు షరతు పెట్టారు. షరతు ప్రోగ్రాంకే గాని, ఆట నమూనాకు కాదు గదా! 1999లో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’ వంటి వ్యాపార క్రీడలు ఆ నమూనాకు బొమ్మలు తొడిగి నెల చందాకు అమ్మాయి. మడ్‌ల చరిత్ర అంటే చాలామందికి తెలిసింది ఈ శాఖ చరిత్రే. పాత్రపోషణ శాఖ చరిత్రకు అంత ప్రచారం లేదు.

3

ఈ శాఖలో రచన ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చూడాలి. సాహిత్య విద్యార్థికి పనికొచ్చే భాగం ఇదే.

వుదాహరణకు ఒక పూటకూళ్ల ఇల్లు అనుకుందాం. ఒక ఆటగాడు ఇలా రాస్తాడు: “వీరయ్య గుమ్మంలో ఆగి, తడిసిన గొడుగు మూల పెట్టి, లోపలివాళ్ల వైపు చూడకుండా వచ్చి కూర్చుంటాడు.” ఇటువంటి వాక్యాన్ని అక్కడివాళ్లు ‘పోజు’ అంటారు. వర్తమానంలో, ప్రథమ పురుషలో రాయడం ఆనవాయితీ. వీరయ్య మనసులో ఏమున్నదో ఇందులో లేదు. రాసినా లాభం లేదు, ఎందుకంటే మనసులోని దానికి పక్కవాళ్లు బదులు చెప్పలేరు. లోపలున్నదంతా చేతల్లోకి, చూపుల్లోకి, మాటల్లోకి రావలసిందే. అక్కడిదాకా ఇది నాటక రచనకు దగ్గర. కాని నాటకకర్తకు తర్వాతి సంభాషణ తెలుసు, ఇతనికి తెలియదు.

ఇప్పుడు అదే ఆటగాడు, “వీరయ్యను చూడగానే రంగమ్మ భయంతో వెనక్కి జరుగుతుంది” అని రాశాడనుకోండి. నవలలో ఈ వాక్యానికి ఏ దోషమూ లేదు. ఇక్కడ మాత్రం ఇది పెద్ద తప్పు. రంగమ్మ అతని పాత్ర కాదు. ఆమెను భయపెట్టడానికి అతను ప్రయత్నించవచ్చు. ఆమె భయపడిందో, నవ్విందో, అసలు పట్టించుకోలేదో రంగమ్మను రాస్తున్న మనిషి చెప్పాలి. కత్తి విసిరానని రాయవచ్చు, కత్తి దిగిందని రాయకూడదు. ప్రయత్నం నాది, ఫలితం నీది. ఈ శాఖ నీతి అంతా ఈ ఒక్క సూత్రంలో వుంది. శిల్పం కూడా దీని నుంచే పుట్టింది. ఏకాంత రచయిత తన వాక్యాన్ని పూర్తిచేయడంలో నేర్పు చూపుతాడు. ఇక్కడ నేర్పంతా ఎదుటి మనిషి అందుకోవడానికి వీలుగా వాక్యంలో చోటు వదలడంలో వుంది. ఎంత అందమైన వర్ణనైనా, దానికి బదులు చెప్పే సందు లేకపోతే ఆ గదిలో అది చచ్చిన వాక్యమే.

మనకు ఇది ఎప్పటినుంచో వున్నదే అనే మాట వెంటనే వినిపించవచ్చు. పోలికలు లేకపోలేదు, కాని అవి కొంతవరకే. బుర్రకథలో వంతలు కథకుడి మాటకు అప్పటికప్పుడు బదులు చెబుతారు. అయితే కథ ఎటు పోతుందో ముగ్గురికీ ముందే తెలుసు, పైగా ఎదుట జనం కూర్చుని వున్నారు. గొలుసు నవలలో ఒక్కొక్కరు ఒక్కొక్క అధ్యాయం రాస్తారు. కాని తన అధ్యాయం వరకూ ప్రతి రచయితా అన్ని పాత్రలకూ యజమానే. అక్కడ యజమానులు వంతులవారీగా మారతారు. ఇక్కడ ఆ యాజమాన్యమే ప్రతి వాక్యం దగ్గరా పంచుకోబడుతుంది. ఈ తేడా చిన్నది కాదు.

మరి ఇద్దరి ప్రయత్నాలూ ఢీకొంటే ఫలితం ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్న దగ్గర శాఖ రెండుగా చీలింది. ‘మష్’లలో చాలావాటి పద్ధతి సమ్మతి. నా పాత్రకు నా అంగీకారం లేకుండా చావుగాని తీవ్రమైన హానిగాని రాదు. ‘ఆర్మగెడ్డాన్’ వంటి రెండో రకం ఆటల్లో ఫలితాన్ని యంత్రం తేలుస్తుంది. ఒకసారి చచ్చిన పాత్ర మళ్లీ లేవదు. మొదటి పద్ధతిలో ఓటమికి ఎవరూ ఒప్పుకోరు గనుక కథలు పానశాలలోనే తిరుగుతూ వుండిపోయే ప్రమాదం వుంది. రెండవ పద్ధతిలో చావుకు బరువు వుంది. మూడేళ్లుగా పోషించిన పాత్ర ఒక రాత్రి పోతే దాన్ని పోషించిన మనిషికి నిజమైన దుఃఖం కలుగుతుంది. విషాదానికి కావలసిన తిరుగులేనితనం అక్కడుంది. కాని యంత్రం కిటుకులు తెలిసిన పాతకాపులదే అక్కడ పైచేయి అవుతుంది. సంఘర్షణ లేకుండా కథ లేదు. సమ్మతి లేకుండా సహరచన లేదు. ఈ వైరుధ్యాన్ని ఏ ఆటా పూర్తిగా పరిష్కరించలేదు.

4

ఆ సూత్రాన్ని తప్పితే ఏం జరుగుతుందో చెప్పే ప్రసిద్ధ సంఘటన ఒకటుంది. అమెరికాలోని జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో పావెల్ కర్టిస్ 1990లో ‘లాంబ్డామూ’ అనే లోకాన్ని నెలకొల్పాడు. ఇది కచ్చితమైన పాత్రపోషణ ఆట కాదు, కాని పద్ధతి అదే. 1993లో ‘మిస్టర్ బంగిల్’ అనే పేరుతో వున్న ఒకడు, ఇతరుల పాత్రల పేరిట వాక్యాలు పుట్టించే చిన్న ప్రోగ్రాంను ప్రయోగించాడు. ఆ పాత్రలు హేయమైన లైంగిక చేష్టలు తమంతట తాము చేస్తున్నట్టుగా, నిండు గదిలో అందరి తెరల మీదా వాక్యాలు పడ్డాయి. ఆ పాత్రల వెనకనున్న మనుషులు అవి తాము రాసినవి కావని చెబుతూనే వున్నారు. తర్వాత తీవ్రమైన చర్చ జరిగింది. చివరకు అధికారమున్న ఒక ‘మాంత్రికుడు’ ఆ పాత్రను తొలగించాడు. జూలియన్ డిబెల్ అనే రచయిత దీన్ని గురించి 1993 డిసెంబరులో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ విషయం లోకానికంతటికీ తెలిసింది.

అక్కడ ఎవరి ఒంటి మీదా చెయ్యి పడలేదు, మాటలే కదా అన్నవాళ్లున్నారు. రచయితలు ఆ మాట అనలేరు. ఒకరి నోట వారిది కాని వాక్యాన్ని పెట్టడం, వారి చేతలను వారి ప్రమేయం లేకుండా నలుగురి ముందు రాసివేయడం హింసేనని ఆ సంఘటన నిరూపించింది. పూటకూళ్ల ఇంట్లో రంగమ్మ భయాన్ని వీరయ్య రాయకూడదన్న చిన్న నియమానికీ ఈ పెద్ద నేరానికీ మూలం ఒక్కటే.

ఈ కథకు తర్వాతి భాగం కూడా గమనించదగినది. సాంఘిక వివాదాల్లో తాము తలదూర్చబోమని అక్కడి నిర్వాహకులు 1992 డిసెంబరులోనే ప్రకటించి వున్నారు. ఈ సంఘటన తర్వాత విజ్ఞాపనలూ ఓటింగూ గల పద్ధతి ప్రవేశపెట్టారు. నిర్ణయాలు సభ్యులవి, అమలుచేయడం మాత్రం నిర్వాహకుల పని. 1996లో నిర్వాహకులు ఈ పద్ధతితో లోకం నడవడం లేదని చెప్పి తిరిగి నిర్ణయాధికారం తీసుకున్నారు. యంత్రం మీటలు కొద్దిమంది చేతుల్లో వుండగా ఓటు పెట్టె ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్నను ఆ అనుభవం మిగిల్చింది.

5

1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వచ్చాక కొత్తవాళ్లు బొమ్మల లోకాలకు వెళ్లారు. అక్షరాల లోకాలు సన్నగిల్లాయి. దీనికి బొమ్మల ఆకర్షణ ఒక్కటే కారణమనుకోవడం యాంత్రికమైన వివరణ. ఈ లోకాలు ఎక్కువగా విశ్వవిద్యాలయాల యంత్రాల మీద, విద్యార్థుల తీరిక మీద నిలబడ్డవి. నిర్మించినవాడు చదువు ముగించి వుద్యోగంలో చేరితే లోకం అనాథ అయ్యేది. గదులు వర్ణించినవాళ్లకూ, తగాదాలు తీర్చినవాళ్లకూ, కథలు నడిపినవాళ్లకూ కూలి లేదు. అలసిపోయినవాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పాతకాపుల ముఠాలుగా బిగుసుకున్నారు. కొత్తవాడు గుమ్మంలో నిలబడి వుంటే పలకరించే దిక్కు లేని గదులు చాలా వుండేవి. ఈ లోపాలను దాచి, ఆ కాలాన్ని స్వర్ణయుగమనడం చరిత్ర కాదు.

అయినా ఆ రూపం చావలేదు. చూపులేనివారు చాలామంది ఈ ఆటల్లో పాల్గొంటున్నారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం తోడుంటే వారు ఇక్కడ ఎవరికీ తీసిపోరు. బొమ్మల ఆటలు వారికి మూసిన తలుపును అక్షరం తెరిచింది. పాత్రపోషణ అభిరుచి గలవారు మరికొందరు 2015లో మొదలైన ‘డిస్కార్డ్’ వంటి వేదికలకు చేరారు. అక్కడ చేరడం తేలిక. కాని ఇల్లు వాళ్లది కాదు. తాళం కంపెనీ దగ్గర వుంటుంది.

పోయినదానిలో అన్నిటికన్నా పెద్దది పాఠ్యమే. ఎసెక్స్ మడ్‌ను ‘బ్రిటిష్ లెజెండ్స్’ పేరుతో అమెరికాలో కంప్యూసర్వ్ 1987 నుంచి 1999 దాకా నడిపి ఆపేసింది. ఆ ప్రోగ్రాం మిగిలింది, దాన్ని నేటికీ నడపవచ్చు. ఆ రాత్రుల్లో మనుషులు ఒకరికొకరు రాసుకున్న వాక్యాల్లో అత్యధిక భాగం మిగల్లేదు. అచ్చయిన పుస్తకాన్ని బట్టి సాహిత్య చరిత్ర రాసే మన పద్ధతికి ఈ రచన అందదు.

6

ఇక ఈ విషయంతో తెలుగుకు గల సంబంధం. ఈ లోకాలు వెలిసిన 1990 దశకపు తొలి రోజుల్లోనే అమెరికాలోని తెలుగు విద్యార్థులు అవే నెట్‌వర్కుల మీద, యూజ్‌నెట్ చర్చావేదికల్లో తెలుగు రాసుకున్నారు. అయితే తెలుగు లిపిలో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో. దానికోసం రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతర పద్ధతి ‘ఆర్.టి.ఎస్.’ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మడ్ ప్రోగ్రాంలు ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలకే కట్టుబడి వుండిపోయాయి. పైథాన్ భాషలో రాసిన ‘ఎవెన్నియా’ వంటి నేటి ప్రోగ్రాంలు యూనికోడ్‌ను స్వీకరిస్తాయి. బ్రౌజరులోనే ఆడవచ్చు గనుక వొత్తులు విడిపోయే పాత టెర్మినల్ తెర బాధా లేదు. సాంకేతికమైన అడ్డు దాదాపు తొలగింది.

భాషాపరమైన ప్రశ్న అంతకన్నా ఆసక్తికరమైనది. ఇంగ్లీషు పోజులో పేరు తర్వాత వచ్చే క్రియ లింగాన్ని బయటపెట్టదు. తెలుగులో క్రియ చివర ‘చూస్తాడు’, ‘చూస్తుంది’, ‘చూస్తారు’ అని తేల్చవలసిందే. లాంబ్డామూలో ఆడ, మగ అనే రెంటికి మించి సర్వనామాలు ఎంచుకునే వీలుండేది. తెలుగులో ఆ వీలు కల్పించాలంటే సర్వనామంతో సరిపోదు, క్రియాపదమే మారాలి. అలాగే, ఎదుటి పాత్రను ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? మొదటి మాటలోనే వయసూ, చుట్టరికమూ, అంతస్తూ తేలిపోతాయి. ఇంటిపేరూ యాసా పనిచేయని లోకం కావాలని ఎసెక్స్ విద్యార్థులు ఆశపడ్డారు. మన భాషలో అటువంటి లోకం కట్టబోయేవాళ్లు ఆ అంతస్తులను వాక్యం బయట వదిలి రాలేరు. వాటితో తలపడుతూనే రాయాలి. ఇది కష్టమే. సంభాషణ రాసే ప్రతి కథకుడూ తప్పించుకోలేని కష్టం కూడా ఇదే గనుక, ఇటువంటి ఆట తెలుగు కథకులకు మంచి వ్యాయామశాల కాగలదు.

7

భవిష్యత్తు మాటకొస్తే ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్నది కృత్రిమ మేధ. 2019లో ‘ఏఐ డంజియన్’, 2022లో ‘క్యారెక్టర్ ఏఐ’ వచ్చాయి. ఇక్కడ ఎదుటి పాత్రను రాసేది యంత్రమే. అది అలసిపోదు. అర్ధరాత్రి పిలిచినా పలుకుతుంది. కొత్తవాడిని గుమ్మంలో నిలబెట్టదు. పాత లోకాల్లో ముఠాల వల్ల నొచ్చుకున్నవాళ్లకు ఇది వూరటగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. గదుల వర్ణనలకు, దారిన పోయే చిన్న పాత్రలకు, నిర్వాహకుల చాకిరీ తగ్గించడానికి దీన్ని వాడుకోవడంలో తప్పు కూడా లేదు.

కాని ఈ శాఖ దేని మీద నిలబడిందో గుర్తుచేసుకోవాలి. ప్రయత్నం నాది, ఫలితం నీది అన్నప్పుడు, ‘నీ’ వైపు కాదనగల మనిషి వుండాలి. యంత్రం కూడా కాదనవచ్చు. అలా చెప్పించడం కష్టం కాదు. అయితే ఆ కాదనడం వల్ల అది పోగొట్టుకునేది ఏమీ లేదు. దాని పాత్ర చనిపోతే ఏడ్చేవాళ్లు లేరు. నచ్చకపోతే జవాబును చెరిపేసి మరోటి అడగవచ్చు. ఎదుటి మనిషి వాక్యాన్ని అలా చెరపలేం. మన కథను మనం అనుకోని దారికి అది తిప్పినా, దాన్ని ఒప్పుకుని ముందుకు రాయవలసిందే. రచయితకు ఈ ఆటలు నేర్పిన పాఠం అదే. జవాబు చెరిపే వీలున్న చోట ఆ పాఠం దొరకదు.

అంచేత అక్షరాల ఆటల భవిష్యత్తు రెండు విషయాల మీద ఆధారపడి వుంది. ఒకటి, వాక్యం వెనక మనిషి వున్నాడో యంత్రం వున్నదో ఆ గదిలోని అందరికీ తెలియాలి. తెలిసి ఒప్పుకుంటే అది ఆటలో భాగం, దాస్తే మోసం. రెండు, ఆ గది ఎవరిది అన్నది తేలాలి. పది మంది కలిసి ఒక చిన్న సర్వరును సొంతంగా నడుపుకోవడం నేడు 1980లోలాగా విశ్వవిద్యాలయ యంత్రం దయ మీద ఆధారపడిన పని కాదు. దాని ఖర్చు ఒక చిన్న పత్రికకయ్యే ఖర్చు కన్నా తక్కువ. రాసినవాళ్లే ఆ పాఠ్యాన్ని భద్రపరచుకోవాలి. నిర్వహణ భారం వంతులవారీగా పంచుకోవాలి. ఏ వాక్యం దాచాలో, ఏది బయటపెట్టాలో రాసినవారందరి సమ్మతితో తేల్చాలి.

ఇది సాహిత్యమా కాదా అన్న తీర్పు తొందరపడి ఇవ్వనక్కరలేదు. ఆసక్తి గలవారు ముందు ఒక పని చేసి చూడవచ్చు. మరో రచయితతో కూర్చుని, ఒక్క సన్నివేశం, చెరో పాత్ర, చెరో వాక్యం చొప్పున రాయండి. ఎదుటి పాత్రను గురించి ఒక్క క్రియాపదమైనా మీరు రాయకూడదు. మన కథల్లో ఇతరుల తరఫున మనమెంత ధారాళంగా మాట్లాడేస్తున్నామో మొదటి పేజీ దాటకముందే తెలిసివస్తుంది.